పెట్టె చిన్నది... బొమ్మ పెద్దది!

సినిమా పత్రికలో రౌటరు గొడవ ఏమిటని కొందరు ముక్కుమీద వేలేసుకోవచ్చు. వేసుకోండి, అభ్యంతరం లేదు. కాని ఒక్క మాట! హాల్లో బొమ్మ మసగ్గా వుంటే ఆపరేటరును తిడతాం, సౌండు బొంగురు పోతే స్పీకర్లను తిడతాం. ఇంట్లో బొమ్మ ఆగిపోతే మాత్రం ఎవర్ని తిట్టాలో తెలీదు. హీరోయిన్ కన్నీరు చెంపదాకా జారి అక్కడే నిలబడిపోతుంది. తెరమీద గుండ్రంగా ఓ సుడి తిరుగుతూ వుంటుంది. అవ్వ లోపల్నుంచి "కరెంటు పోయిందేమిరా?" అంటుంది!

1957లో వచ్చిన "మాయాబజార్"లో శశిరేఖ ప్రియదర్శిని పెట్టె మూత తెరవగానే అభిమన్యుడు కనబడ్డాడు. ఏ నెట్‌వర్కూ లేదు, ఏ రీఛార్జీ లేదు, సుడి అసలే లేదు. ఆ పెట్టె ఏ అంగట్లో దొరుకుతుందో కె.వి.రెడ్డిగారికే తెలియాలి. మనకు దొరికేది మాత్రం రౌటరు. అంచేత ఈ వారం కబుర్లు దానిమీదే.

ఇంతకీ ఇది నా సొంత ఆలోచన కాదు. దేవనకొండ నుంచి వచ్చిన ఓ వుత్తరం రాయించింది. ఆ తమ్ముడి మాటల్లోనే వినండి:

"అన్నా, నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా చెల్లెలు ఇంటరు. మాయింటికి ఫైబరు వైరు గుంజి నాలుగు నెల్లాయ. 50 ఎంబీపీఎస్ అని చెప్పినారు. ముందరింట్లో కూసుంటే బొమ్మ బాగానే వస్తాది. నడిమింట్లోకి పోతే సుడి తిరుగుతానే వుంటాది. టీవీ వుండేది ఆన్నే. చెల్లెలు చదువుకునేది దాని యెనక గదిలో. అమ్మా నాయనా మిరపకాయలు తెంపను గుంటూరు దిక్కు పోయినారు. రాత్రిపూట వీడియో కాల్ చేస్తే, ఫోను అవ్వ మంచం కాడికి తీస్కపోయేటప్పటికి బొమ్మ నిల్చిపోతాది. ఆదోనిలో అడిగితే అంగడాయన ఆరు కొమ్ముల రౌటరు నాలుగున్నర వెయ్యి అన్నాడు. నా కాడ వుండేది నాయన పంపిచ్చిన మూడు వేలు. దాంట్లోనే చెల్లెలి పరీక్ష ఫీజు కట్టల్ల. అప్పు చేసి ఆరు కొమ్ములదే కొనల్లనా? నాలుగు కొమ్ములదైతే చాల్నా?"

చూశారా! మూడు వేలంటే వూరికే వచ్చినవి కావు. ఎండలో వంగి, ఘాటుకు కళ్ళు మండుతుంటే ఒక్కొక్క కాయా కోసి సంపాదించిన డబ్బు. దాన్ని కొమ్ముల లెక్కన ఖర్చు పెట్టనివ్వడానికి నాకు మనసొప్పలేదు. అందుకే తమ్ముడూ, తీరిగ్గా విను. మిగతా పాఠకులూ వినండి.

పాత్రధారులు ఎవరెవరు?

ఈ చిత్రంలో ముఖ్యపాత్రలు మూడు. మొదటిది వీధిలోంచి వచ్చే ఫైబరు తీగ. వెంట్రుకంత గాజుపోగులో వెలుతురు ప్రయాణం చేస్తుంది. రెండోది ఆ వెలుతురును మన యంత్రాలకు అర్థమయ్యే సంకేతాలుగా మార్చే పెట్టె. దాన్ని ఓఎన్‌టీ అంటారు, కొందరు ఓఎన్‌యూ అంటారు. కేబులాయన తెచ్చి బిగించేది ఇదే. మూడోది రౌటరు. వచ్చిన ఇంటర్నెట్టును ఫోన్లకూ టీవీకీ గాలిలో పంచిపెట్టేది. చాలా ఇళ్ళల్లో ఈ రెండోదీ మూడోదీ ద్విపాత్రాభినయం... ఒకే డబ్బాలో వుంటాయి.

ఇది తెలియక జరిగే పొరపాటు ఏమిటంటే, బజార్లో కొత్త రౌటరు కొనుక్కొచ్చి, పాతదాన్ని పీకేసి, ఫైబరు తీగ దీనికి తగిలిద్దామని చూస్తారు. తగలదు! మామూలు రౌటరుకు ఆ తీగ పట్టే రంధ్రమే వుండదు. ఓఎన్‌టీని కంపెనీవాళ్ళు తమ లెక్కల్లో నమోదు చేసుకుని వుంటారు. దాన్ని కేబులాయన్ని అడక్కుండా మార్చకూడదు. కొత్త రౌటరు దాని పక్కన, లాన్ వైరుతో కలుస్తుంది. అంతే.

మన రాష్ట్రంలో ఈ ఫైబరు తీగ పల్లెలదాకా రావడం వెనక కథ కూడా పెద్దదే. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. రోడ్లు తవ్వే పని పెట్టుకోకుండా కరెంటు స్తంభాలమీదుగా వేల కిలోమీటర్ల తీగ లాగారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టూ, టీవీ చానెళ్ళూ, ఫోనూ కలిపి ఇస్తామన్నది ఆనాటి ప్రకటన. 2023 జూన్ 2న "నిరీక్షణ" అనే సినిమాను అదే తీగమీద, హాల్లో విడుదలైన రోజునే, 99 రూపాయలకు ఇళ్ళలో చూపించే ప్రయోగమూ చేశారు. అంటే రిలీజు సినిమా గుమ్మందాకా వచ్చేసింది. గుమ్మంలోంచి నడిమింట్లోకి తీసుకెళ్ళడమే మన పని!

బొమ్మ ఎక్కడ తెగింది?

హాల్లో రీలు తెగితే ఆపరేటరు ముందు ఎక్కడ తెగిందో చూస్తాడు గాని, కొత్త ప్రొజెక్టరు కొనడానికి పరిగెత్తడు. మనమూ అంతే. కొనేముందు పైసా ఖర్చులేని పరీక్షలు మూడున్నాయి.

ఒకటి: పెట్టెకు రెండడుగుల దూరంలో నిలబడి ఫోనులో స్పీడ్ టెస్ట్ చేయండి. కట్టిన ప్లానుకు దగ్గర్లో వస్తే లైను మంచిదే.

రెండు: అదే ఫోను పట్టుకుని సుడి తిరిగే గదిలోకి వెళ్ళి మళ్ళీ చేయండి. అక్కడ బాగా పడిపోతే తప్పు గోడది, దూరానిది.

మూడు: పెట్టె దగ్గరే తక్కువ వస్తే, లాన్ వైరుతో ఓ కంప్యూటరుకు తగిలించి చూడండి. అప్పుడూ రాకపోతే తప్పు లైనుది. కేబులాయన్ని పిలవండి. పెట్టెమీద "లాస్" అనే చోట ఎర్రదీపం వెలుగుతుంటే తీగలో వెలుతురే రావడం లేదన్నమాట. పది వేలు పెట్టి రౌటరు కొన్నా ఆ దీపం ఆరదు.

దేవనకొండ తమ్ముడు తన వుత్తరంలోనే జవాబు రాసేసుకున్నాడు. "ముందరింట్లో కూసుంటే బాగానే వస్తాది" అన్నాడు. అంటే లైను మంచిది, పెట్టె కూడా మంచిదే. విలన్ మధ్యలో వున్న గోడ! మనవైపు పాత మిద్దెల్లో రాతిగోడ అడుగున్నర మందం వుండటం మామూలే. ఎండాకాలం చల్లగా వుంచే ఆ గోడే వైఫైకి అడ్డం.

మరి 50 ఎంబీపీఎస్ ఇంటికి సరిపోతుందా? లెక్క వేద్దాం. ఫుల్ హెచ్‌డీ బొమ్మకు 5 ఎంబీపీఎస్, మామూలు హెచ్‌డీకి 3, ఫోర్‌కే అయితే 15 చాలునని నెట్‌ఫ్లిక్స్ వాళ్ళే చెబుతారు. టీవీలో ఫుల్ హెచ్‌డీ సినిమా ఒకటి, రెండు ఫోన్లలో హెచ్‌డీ వీడియోలు, ఇంకో ఫోనులో వీడియో కాల్... అన్నీ ఒక్కసారి నడిచినా పదిహేను దాటదు. ముప్పై అయిదు మిగులు! కనుక "స్పీడు పెంచుకోండి" అని ఎవరైనా అంటే నవ్వి వూరుకో.

అన్నట్టు ఇంకో తిరకాసు. 50 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 50 ఎంబీ దిగుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఎనిమిదితో భాగించాలి. సెకనుకు ఆరుంబావు ఎంబీ. ఆ లెక్కన రెండు జీబీల సినిమా దిగడానికి అయిదు నిమిషాల పైచిలుకు పడుతుంది. అంతకంటే తొందర ఎందుకు? ఆమాత్రం టైములో టీ తాగొచ్చు.

కొమ్ముల సంగతి

ఇక అసలు ప్రశ్న. ఆరు కొమ్ములా, నాలుగు కొమ్ములా?

తమ్ముడూ, కొమ్ములు చూసి కొనాల్సింది కోడెల్ని, రౌటర్లను కాదు! రౌటరు ఎంత బలంగా కేక వేయవచ్చో ప్రభుత్వం పరిమితి పెట్టింది. కొమ్ములు పెరిగినంత మాత్రాన ఆ హద్దు దాటదు. ఎక్కువ కొమ్ములు ఒకేసారి ఎక్కువమందికి పంచడంలో కొంత వుపయోగపడతాయి. రాతిగోడను బద్దలు కొట్టవు.

చూడాల్సింది రెండు బ్యాండ్లు వున్నాయా అని. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. తేడా ఏమిటంటారా? జాతరలో డప్పు కొడితే ఆ దుం దుం పక్క వూరికి కూడా వినబడుతుంది. అక్కడే పాడే పాటలో మాటలు మాత్రం నాలుగిళ్ళ అవతలికి కూడా తెలియవు. 2.4 డప్పులాంటిది. దూరం పోతుంది, గోడల్ని కొంత దాటుతుంది, కాని వేగం తక్కువ. 5 పాటలాంటిది. దగ్గర్లో బ్రహ్మాండం, గోడ అడ్డమొస్తే నీరసం. రెండూ వున్న దాన్నే డ్యూయల్ బ్యాండ్ అంటారు. అదే కొనండి. టీవీ దగ్గర్లో వుంటే 5లో పెట్టండి, దూరపు గదిలో ఫోను 2.4లో పెట్టండి.

పోస్టరు మీద 1200 రోజులు!

వంద రోజుల పోస్టరు వేసిన ప్రతి సినిమా వంద రోజులు నిండా ఆడిందని మనం నమ్ముతామా? రౌటరు డబ్బామీద అంకెలు కూడా ఆ బాపతే. "ఏసీ 1200" అంటే 5 బ్యాండులో 867, 2.4లో 300, రెండూ కలిపి చేసిన కూడిక. ఒక ఫోను ఒకసారికి ఒక బ్యాండులోనే వుంటుంది గనక ఆ 1200 ఏ ఫోనుకూ రాదు. పైగా అవి కాగితంమీది అంకెలు. వాస్తవంలో సగం వస్తే సంతోషించాలి.

అసలు కిటుకు డబ్బా వెనక వుంది. వైరు దూర్చే పోర్టులు 100 ఎంబీపీఎస్‌వా, గిగాబిట్‌వా? ఉదాహరణకు టీపీ-లింక్ వాళ్ళ ఆర్చర్ సి50, ఆర్చర్ సి6... రెండింటిమీదా 1200 అనే వుంటుంది. కాని సి50 పోర్టులు 100వి, సి6 పోర్టులు గిగాబిట్. మీ ప్లాను 200 అయితే సి50 రకంలో వందకు మించి లోపలికే రాదు, గేటే చిన్నది! మీ ప్లాను 50 అయితే ఆ చిన్న గేటు బ్రహ్మాండంగా చాలు, పెద్ద గేటుకు డబ్బు దండగ. ఈ కంపెనీదే కొనమని కాదు, డీ-లింక్, టెండా... ఎవరిదైనా ఈ లెక్కే చూడండి.

ఇప్పుడు ధరలు. ఒకే బ్యాండున్న "ఎన్ 300" రకం వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. 100 పోర్టులున్న డ్యూయల్ బ్యాండు పదిహేను వందల నుంచి రెండు వేల లోపు. గిగాబిట్ పోర్టులది రెండు వేల పైన. అంగడినిబట్టి, రోజునుబట్టి కొంత అటూ ఇటూ. వంద లోపు ప్లానున్న ఇంటికి మధ్యది చాలు.

మూడు వేలలో సూపర్‌హిట్

ఇక తమ్ముడి ఇంటికి స్క్రీన్‌ప్లే రాద్దాం.

మొదటి సీను, ఖర్చు దాదాపు సున్న. కేబులాయన్ని పిలిచి ఆ వున్న పెట్టెనే ముందరింట్లోంచి నడిమింట్లోకి జరిపించు. బయట తీగ చుట్టలుగా మిగులు వదిలి వుంటే వైరు ఖర్చు కూడా వుండదు. తీగను నువ్వే లాగి మడత పెట్టకు. గాజుపోగు గట్టిగా వంగితే వెలుతురు కారిపోతుంది. పెట్టెను మనిషి ఎత్తుకు పైన, వెనక గది వాకిలి కనబడేటట్టు పెట్టు. వైఫైకి గోడకంటే వాకిలి సులువైన దారి. ఇనుప బీరువామీద, టీవీ వెనక, గూట్లో తలుపు వేసి పెట్టొద్దు.

ఇంకో సంగతి. చాలా రౌటర్ల వివరాల కాగితంలో పనిచేసే వేడి 0 నుంచి 40 డిగ్రీలని వుంటుంది. మన కర్నూలు జిల్లా ఎండలు ఆ నలభైని ఎప్పుడో దాటేస్తాయి. కాబట్టి రేకుల కప్పు కింద, కిటికీ ఎండలో పెట్టకుండా గాలి తగిలే చోట పెట్టు. మధ్యాహ్నంపూట మాత్రమే మొరాయించే రౌటర్లలో సగం జబ్బు ఈ వేడే.

రెండో సీను, అలా జరిపినా వెనక గదికి అందకపోతేనే. "క్యాట్ 5ఈ" అనే లాన్ వైరు పదిహేను మీటర్లు కొను. మీటరు ఇరవై రూపాయల చుట్టూ వుంటుంది. వంద మీటర్లదాకా వేగం తగ్గకుండా మోస్తుంది. దాన్ని వాకిలి పక్కగా వెనక గదికి లాగి, అక్కడ ఓ చిన్న రౌటరు పెట్టి దాన్ని "యాక్సెస్ పాయింట్"గా మార్చు. ఆ ఎంపిక రౌటరు సెట్టింగుల్లోనే వుంటుంది. రాతిగోడను గాలిలో దాటలేనిది వైరుమీద దర్జాగా నడిచిపోతుంది! వెయ్యి రూపాయల రకమే అయినా పని జరుగుతుంది. నాలుగైదు వందలు ఎక్కువైనా ఫర్వాలేదనుకుంటే డ్యూయల్ బ్యాండు. వైరు మూడు వందలు, రౌటరు పదిహేను వందలు... మొత్తం పద్దెనిమిది వందలు. పన్నెండు వందలు మిగులుతాయి. ఆరు కొమ్ములది కొనివుంటే ఏమయ్యేది? ఆ గోడ అక్కడే వుండేది, అప్పు పదిహేను వందలుండేది, ఫీజు కట్టే దారి వుండేది కాదు.

మూడో సీను, కరెంటు. పల్లెటూళ్ళో పోయేదే కరెంటు కదా! రౌటరుకు పనికొచ్చే చిన్న యూపీఎస్ వెయ్యి రూపాయల చిల్లరకు దొరుకుతుంది. కొనేముందు మీ అడాప్టరుమీద అంకెలు చదవండి. కొన్ని 9 వోల్టులవి, కొన్ని 12 వోల్టులవి. వోల్టులు సరిగ్గా అంతే వుండాలి. ఆంపియర్లు అంతే గాని, ఎక్కువ గాని వుండొచ్చు, తగ్గకూడదు. ఓఎన్‌టీ, రౌటరు వేరువేరుగా వుంటే రెండింటికీ కరెంటు అందాలి. రౌటరు ఒక్కటే వెలుగుతుంటే ఫోనులో వైఫై గుర్తు నిండుగా కనబడుతుంది, నెట్టు మాత్రం సున్న. హాలు లైట్లు వెలుగుతున్నాయి, బొమ్మ లేదు! తమ్ముడికి ఇది ఇప్పుడే అక్కర్లేదు. చెల్లెలు కాలేజీ సీట్లకు ఆప్షన్లు పెట్టుకునే రోజులనాటికి చూసుకోవచ్చు. ఆ రోజుల్లో కరెంటు పోతే మాత్రం సుడి కాదు, సీటే పోతుంది.

చిన్న ప్రశ్నలు

*ఎమ్మిగనూరు నుంచి ఒక పాఠకురాలు: పాత రౌటరు మూడు వందలకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?*

ముందు వెనక్కి తిప్పి చూడండమ్మా. టెలిఫోను వైరు పట్టే సన్న రంధ్రం ఒక్కటే వుండి, "వ్యాన్" అని రాసిన పోర్టు లేకపోతే అది పాత ఏడీఎస్ఎల్ కాలంనాటిది కావచ్చు. రాగి టెలిఫోను తీగమీద ఇంటర్నెట్టు వచ్చిన రోజుల్లో అది హీరో. ఫైబరు ఇంట్లో దానికి వేషం లేదు. మూడు వందలూ దండగే.

*ఆదోని నుంచి ఒక పాఠకుడు: ప్లగ్గుకు తగిలించే ఎక్స్‌టెండరు కొంటే చాలదా?*

కొంతవరకు చాలు. కాని అది ఒక చేత్తో తీసుకుని అదే చేత్తో ఇచ్చే మనిషి. చాలా వాటిల్లో వేగం సగానికి పడుతుంది. ఒకే ప్రింటును సైకిలుమీద రెండు హాళ్ళకు మోసిన కుర్రాడు గుర్తున్నాడా? రీలు అందేదాకా రెండో హాలు చీకటే. పైగా సిగ్నలు రాని గదిలో పెడితే పంచడానికి దానిదగ్గర ఏమీ వుండదు. సగం దూరంలో పెట్టాలి. వైరు లాగే వీలుంటే వైరే మేలు.

*పత్తికొండ నుంచి ఒక పాఠకుడు: వైఫై 6 కొంటేగాని గౌరవం లేదంటున్నాడు మా బావ.*

ఇంట్లో పదీ పదిహేను ఫోన్లూ టీవీలూ వుంటే, అవి కూడా వైఫై 6వే అయితే లాభం వుంది. పాత ఫోను పట్టుకుని వైఫై 6 కొనడం, నలుపు తెలుపు టీవీలో ఈస్ట్‌మన్‌కలర్ సినిమా చూడ్డం లాంటిది. బావగారు కొనిస్తానంటే మాత్రం కాదనకండి!

*ఆలూరు నుంచి ఒక పాఠకుడు: పక్కింటివాళ్ళు మా వైఫై వాడుకుంటున్నారు. అడగాలంటే మొహమాటం.*

అడగొద్దు, పాస్‌వర్డు మార్చండి! ఫోను నెంబరూ ఇంటిపేరూ కాకుండా పన్నెండు అక్షరాలకు తగ్గకుండా పెట్టండి. భద్రత అన్న చోట డబ్ల్యూపీఏ2 గాని డబ్ల్యూపీఏ3 గాని వుందో లేదో చూడండి. రౌటరు సెట్టింగులకు వేరే పాస్‌వర్డు వుంటుంది. అది డబ్బాలోంచి వచ్చినప్పటిదే వుంటే దాన్నీ మార్చండి. కనెక్షను మీ పేరుమీద వుంది. దానిమీద ఎవరు ఏం చేసినా ముందు అడిగేది మిమ్మల్నే. ఇవ్వాలనిపిస్తే "గెస్ట్" నెట్‌వర్కు పెట్టి అదివ్వండి. ఫ్రీ పాసు ఇవ్వొచ్చు గాని, గల్లాపెట్టె తాళం ఇవ్వకూడదు కదా!

ఇక దేవనకొండ తమ్ముడికి చివరి మాట. ముందు చెల్లెలి ఫీజు కట్టెయ్. తర్వాత కేబులాయన్ని పిలిచి పెట్టె జరిపించు. రెండు రోజులు చూడు. అవ్వ మంచం దగ్గర అమ్మ మొహం ఆగకుండా కనబడితే ఇంకేం కొనకు, మిగిలిన డబ్బు నాయన వచ్చేదాకా దాచిపెట్టు. కనబడకపోతే వైరూ, చిన్న రౌటరూ. బిల్లు తీసుకో, వారంటీ ఎన్నాళ్ళో రాయించుకో. ఏం జరిగిందో వుత్తరం రాయి, పాఠకులకూ చెబుతాను.